తిత్తి లోపలి గాలి, వెలుపలి గాలి



నేను మడకశిర ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లలకు పాఠములు చెప్పి విరమించినవాడను. వైద్యుడను కాను. అమరకోశమును, రఘువంశమును గురుముఖమున చదువుకొంటినిగాని, నాడి పట్టి చూచుట నేర్చినవాడను కాను. అట్టి నేను ఊపిరితిత్తులను గూర్చి ప్రసంగింప బూనుట కొందరికి వింతగా తోచును. ఇందుకు రెండు కారణములు కలవు. ఒకటి మా పెదనాయనగారి కథ. రెండవది నా తప్పు. మొదట తప్పునే చెప్పుకొందును.

2003వ సంవత్సరమున ఒకనాటి రాత్రి మా పొరుగింటి పిల్లవాడు, నాయొద్ద చదువుకొన్నవాడే, సంగటి తిని అరుగు మీద కూర్చుండి మాటలాడుచు, ఉన్నట్టుండి కుడిరొమ్ము పట్టుకొనెను. వయస్సు పందొమ్మిది. సన్నగా, వెదురుగడవలె పొడుగుగా నుండువాడు. కత్తితో పొడిచినట్లున్నదనెను; ఊపిరి నిండుగా తీయరాకున్నదనెను. వాని తల్లి నాయొద్దకు పరుగెత్తి వచ్చి, "అయ్యవారూ, ఒకసారి వచ్చి చూడండి" అని పిలిచెను. నేను పోయి చూచితిని. గుండెజబ్బు వచ్చు వయస్సు కాదు, నొప్పి ఎడమప్రక్కయును కాదు. "గ్యాసు. భయపడకండి" అంటిని. వాము నలిపి మ్రింగించితిమి, సోడా త్రాగించితిమి. ఊరిలో అయ్యవారి మాటకుండు విలువ మీరెరుగుదురు. నేను గ్యాసన్న పిదప మరియొకడు కాదనలేదు. వాడు తెల్లవార్లు గోడకానుకొని కూర్చుండెనేగాని పడుకొనలేక పోయెను. తెల్లవారిన పిదప చూపించిన వైద్యుడొకరు చొక్కా మీదనుండియే ఒక క్షణము విని, కండరము పట్టినదని సూదిమందు వేసి పంపివేసెను. మధ్యాహ్నమునకు పిల్లవాని పెదవులు నేరేడుపండు రంగునకు తిరిగెను. నాటికి 108 వాహనములు లేవు. అవి మనకు 2005లో వచ్చినవి. జీపు మాటలాడుకొని హిందూపురమునకు తీసికొనిపోతిమి.

అక్కడ ఒక వైద్యుడు వానిని చూచిన తీరు నేనిప్పటికిని మరువలేదు. ముందు చొక్కా విప్పించెను. రెండు ప్రక్కల రొమ్ములును సమముగా లేచుచున్నవా యని దూరముగా నిలిచి చూచెను. పిమ్మట రొమ్ముపై ఎడమచేతి వ్రేలుంచి, దానిపై కుడిచేతి వ్రేలితో తట్టెను. ఎడమప్రక్క మామూలుగా పలికెను. కుడిప్రక్క, సంతలో క్రొత్తకుండను వాయించి చూచునప్పుడు పలికినట్లు, డొల్లగా మ్రోగెను. స్టెతస్కోపు పెట్టి విని తల యూపెను. మెడ క్రిందిగుంటలో వ్రేలు పెట్టి గొంతునాళమెటు ఒరిగినదో తడవి చూచెను. ఎక్సురే మాట ఎత్తనైన లేదు. ఒక సూది తెప్పించి రొమ్మున గ్రుచ్చగా, సైకిలుచక్రము పంక్చరైనప్పటివలె సుయ్యిమని గాలి బయటికి వచ్చెను. రెండు నిమిషములలో పిల్లవాడు నీరు అడిగెను.

ఆ గాలి యెక్కడిది? ఆ ప్రశ్నయే నన్ను ఈ చరిత్రలోనికి దింపినది.

మన పూర్వులు ఈ అవయవమునకు ఊపిరితిత్తి యని పేరు పెట్టిరి. కమ్మరి కొలిమితిత్తిని చూచిన కన్ను పెట్టిన పేరది. కమ్మరి తిత్తిని లాగినప్పుడు గాలి లోనికి పోవును, అణచినప్పుడు బయటికి వచ్చును. అయితే ఒక భేదము కలదు. ఊపిరితిత్తికి తనంతట తెరచుకొను శక్తి లేదు. విడిచిపెట్టినచో రబ్బరుబుడగవలె ముడుచుకొనుటయే దాని స్వభావము. దానిని విప్పి పట్టుకొన్నది ప్రక్కటెముకల గూడు. తిత్తి మీద ఒక పలుచని పొర, గూటి లోపల మరియొక పలుచని పొర, నడుమ కొంచెపు తడి. రెండు తడిసిన అద్దపుపలకలను అంటించినచో జారునేగాని విడివడవు గదా, ఆ రెండు పొరలును అట్లే కలిసియుండును. గూడు విచ్చుకొన్నప్పుడు తిత్తియు వెంబడి విచ్చుకొనును. ఆ పొరల నడుమ గాలి చొరబడెనా, అంటు విడిపోవును, తిత్తి ముడుచుకొనును. బయటినుండి దెబ్బ తగిలి గాలి చొరవచ్చును. లోపల తిత్తి పైభాగమున నుండు చిన్న బొబ్బ పగిలియు చొరవచ్చును. పొడుగై సన్ననైన యువకులకు ఏ కారణమును లేకయే, కూర్చుండి యుండగనే, ఈ రెండవ విధము సంభవించుచుండును. పొగత్రాగువారికి మరింత ఎక్కువ.

గాలి ఉండవలసిన చోటు తిత్తి లోపల. అది వెలుపలికి వచ్చుటయే రోగము. నేను గ్యాసన్నమాట అక్షరాలా అబద్ధము కాదు, చోటు తప్పినది.

ఈ రోగమునకు పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు ఇటార్డ్, 1803లో. గాలికిని రొమ్మునకును గ్రీకుభాషలోనున్న మాటలు కలిపి న్యూమోథోరాక్స్ అనెను. ఈ ఇటార్డే అవెరాన్ అడవులలో దొరికిన మాటరాని బాలునికి చదువు చెప్ప ప్రయత్నించినవాడు, చెవిటిపిల్లల విద్యకు దారి చూపినవాడు. బడిపంతులనగుటచే నాకాతనిపై కొంత పక్షపాతము కలదు, క్షమింపుడు. అయితే ఆతడు పేరు పెట్టెనేగాని, బ్రదికియున్న రోగియందు దీనిని గుర్తించు విధము స్పష్టపడుటకు మరి పదునారేండ్లు పట్టెను.

ఆ విధమునకు మూలము ఒక పూటకూళ్ళయిల్లు. ఆస్ట్రియాలోని గ్రాజు పట్టణమున పూటకూళ్ళయింటివాని కుమారుడు ఔవెన్‌బ్రుగ్గర్ బాల్యమున ద్రాక్షసారాయి పీపాలను తట్టి, నిండెంత, వెలితి యెంత యని కనుగొనుట చూచుచుండెను. మన యిండ్లలో గాదెను తట్టి ధాన్యమెంత మిగిలినదో చెప్పు ముసలమ్మలు లేరా? ఆతడు వైద్యుడైన పిదప మనుష్యుని రొమ్మును అట్లే తట్టి చూచి, 1761లో వియన్నాలో చిన్న గ్రంథము ప్రకటించెను. లోకము దానిని లక్ష్యపెట్టలేదు. దాదాపు ఏబదియేండ్లకు, 1808లో, నెపోలియను వైద్యుడు కోర్విసార్ దానిని ఫ్రెంచిలోనికి తెచ్చిన పిదప గాని వైద్యులు తట్టుట నేర్వలేదు. పిదప లెనెక్ వచ్చెను. 1816లో పారిసునందు ఒక స్త్రీ రొమ్మునకు చెవి యానించుటకు సంకోచించి, కాగితము చుట్టగా చుట్టి దాని గుండా వినెను; అంతకుముందెన్నడును విననంత స్పష్టముగా వినబడెను. స్టెతస్కోపు పుట్టుక అది. 1819లో ఆతడు వ్రాసిన గ్రంథమున ఈ రోగలక్షణము కలదు: తట్టినచో డొల్లగా మ్రోగును, విన్నచో ఊపిరిచప్పుడు వినరాదు. ఈ రెండును ఒకేచోట నుండుటయే ఆనవాలు. డొల్లగా మ్రోగుచున్నది గనుక లోపల గాలి కలదు. ఊపిరి వినరాదు గనుక ఆ గాలి తిత్తిలోనిది కాదు. ఇంత చక్కని అనుమానప్రమాణమును నేను తర్కశాస్త్రమునందును అరుదుగా చూచితిని. హిందూపురపు వైద్యుడు పిల్లవానియందు చూచినదిదియే. లెనెక్ 1826లో క్షయరోగముతోనే మరణించెను.

క్షయ యనగనే కథ మలుపు తిరుగుచున్నది. దక్షుని కూతుండ్రు ఇరువదియేడుగురిని పెండ్లాడి రోహిణి యందే మక్కువ చూపినందున చంద్రునికి మామ శాపమున క్షయ వచ్చినదని పురాణకథ. రాజునకు వచ్చిన యక్ష్మము గనుక రాజయక్ష్మము. పగవానికిని వలదని మనవారు మ్రొక్కుకొను రోగము. ఈ రోగమునకు, నేనింతవరకు ఆపదయని చెప్పిన ఆ గాలినే మందుగా వాడిన కాలమొకటి కలదు. ఒకటి రెండేండ్లు కాదు, దాదాపు అరువదియేండ్లు.

తలంపు ఇది. క్షయవలన తిత్తిలో పుండుపడి గుంట యేర్పడును. క్షణక్షణము కదలుచుండు అవయవమున పుండెట్లు మానును? విరిగిన ఎముకకు కట్టు కట్టి కదలనీయక ఉంచుదుము గదా, తిత్తికిని అట్టి విశ్రాంతి యిచ్చినచో గుంట మూసికొనవచ్చును. తిత్తికి కట్టు కట్టుట యెట్లు? రొమ్ములోనికి గాలి పంపి దానిని ముడుచుకొనునట్లు చేయుట. 1820ల ఆరంభమున ఇంగ్లాండునందలి లివర్‌పూల్‌లో కార్సన్ అను వైద్యుడు ఈ మాట చెప్పెను. ఇటలీ దేశస్థుడు ఫోర్లానీని 1882లో దానిని పద్ధతిగా ప్రతిపాదించి, 1894లో రోమునగరపు వైద్యమహాసభలో తన ఫలితములను వినిపించెను. ఆతడు వాడినది నత్రవాయువు. అది లోపల మెల్లగా ఇంకును. అయితే సూది గ్రుచ్చినవానికి అది పొరల నడుమనున్నదో, తిత్తిలోనికే దిగినదో, రక్తనాళమున తగిలినదో తెలియుటెట్లు? రక్తమున గాలి కలిసెనా, మనుష్యుడు అక్కడికక్కడే పోవును. ఈ చిక్కును తీర్చిన వాడు డెన్మార్కు దేశమున వైలెఫ్యోర్డ్ శానటోరియపు సౌగ్‌మన్. ఆతడు సూదికి నీటిగొట్టము తగిలించెను. సూది సరియైన చోటనున్నచో గొట్టములోని నీరు ఊపిరితోపాటు ఎక్కి దిగుచుండును. నీరు కదలనిచో గాలి విడువరాదు. ఇంతే నియమము. వేలమందిని కాపాడినది ఆ నీటిమట్టము.

డెన్మార్కు వాడే యగు మరియొక వైద్యుడు, క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్, మన రాయలసీమకు వచ్చెను. పలు క్రైస్తవ మిషనులు కలిసి 1912లో మదనపల్లెయందు క్షయరోగుల కొరకు ఆస్పత్రి మొదలుపెట్టినవి. ఊరికి వెలుపల గాలి మంచిదైన మెట్టనేలపై కట్టడములు లేచి, 1915 నాటికి ఆరోగ్యవరమను పేరుతో శానటోరియము స్థిరపడెను. మదనపల్లె యనగానే 1919లో రవీంద్రుడు జనగణమనకు అక్కడ ఇంగ్లీషు అనువాదము వ్రాసిన మాట అందరికిని స్ఫురించును, న్యాయమే. కాని దక్షిణదేశమున వేల కుటుంబములలో ఆ యూరి పేరు వినబడినంతనే స్ఫురించునది ఆరోగ్యవరము.

మా పెదనాయనగారిని 1944లో అక్కడికి తీసికొనిపోయిరి. మడకశిర నుండి హిందూపురమునకు బస్సు, అక్కడనుండి ధర్మవరమునకు రైలు, ధర్మవరమున పాకాల బండి యెక్కి మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగుట. రక్తము కక్కుచున్న మనిషితో ఆ ప్రయాణమెట్లుండునో ఊహింపుడు. ఆయన వయస్సు ఇరువదిరెండు. పెండ్లియై సంవత్సరము కాలేదు. అక్కడ ఆయనకు ఏ.పీ. చేసిరి. కృత్రిమ న్యూమోథోరాక్స్ అనుటకు రోగులందరును వాడుకొన్న పొట్టిపేరది. ఆ మాట చెప్పునప్పుడెల్ల ఆయన ఒక విషయమును తప్పక చెప్పుచుండెను: "సూది గ్రుచ్చినంతసేపును డాక్టరు నా మొగము చూడనే లేదు, గాజుగొట్టములోని నీళ్ళనే చూచుచుండెను." నాకు చిన్ననాడు అది వైద్యుని నిర్దయగా తోచెను. సౌగ్‌మన్ నీటిగొట్టమును గూర్చి చదివిన పిదపగాని ఆ చూపునకు అర్థము తెలియలేదు.

ఒకసారి పంపిన గాలి కొన్ని దినములలో ఇంకిపోవును. మరల పంపవలెను. మొదట దినము విడిచి దినము, పిదప వారమునకు, ఆ పిదప రెండు మూడు వారములకొకసారి. ఇట్లు రెండు మూడేండ్లు. ఇల్లు చేరిన పిదప కూడ ఆయన ఆ గాలి కొరకే ధర్మవరము మీదుగా పోయి వచ్చుచుండెను. ఊరిలో ఆయనకు ఒంటితిత్తి అయ్య యని పేరు వచ్చెను. ఆయన కంచము వేరు, చెంబు వేరు, పడక వసారాలో. జబ్బు మానినదని వైద్యులు వ్రాసి యిచ్చిన కాగితమును మా నాయనమ్మ దేవుని పటము వెనుక దాచెను గాని, చెంబు మాత్రము కలుపలేదు. 1948లో గాలి పెట్టుట మానిరి. తిత్తి మరల విచ్చుకొనెను. ఆయన 1988 వరకు బ్రదికిరి. పేరు మాత్రము పోలేదు.

ఏ.పీ. అందరికిని ఇట్లు ఫలించినది కాదు. కొందరికి పొరలు అతుకుకొని గాలి పట్టకుండెను, కొందరికి నీరు చేరెను, చీము పట్టెను. సరిసమానులైన రెండు జట్టులను ఎదురెదురుగా పెట్టి పరీక్షింపకయే ఈ చికిత్స లోకమంతట వ్యాపించెను. అట్టి పరీక్షకు ఒరవడి పెట్టినది దీని తరువాత వచ్చిన మందు. 1948లో ప్రకటితమైన పరీక్షలో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి 107 మంది క్షయరోగులను చీట్లు వేసి రెండు భాగములు చేసి, 55 మందికి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి, 52 మందికి పడకవిశ్రాంతి మాత్రమే యిచ్చి చూచెను. మందు గెలిచెను. 1952లో ఐసోనియాజిడ్ వచ్చెను. ఆ పిమ్మట చెన్నపట్టణమున చేత్‌పట్ నందలి క్షయ చికిత్సా కేంద్రమువారు 193 మంది పేదరోగులను రెండు జట్టులు చేసి, ఒక జట్టును శానటోరియమున, మరియొక జట్టును వారి వారి ఇరుకుటిండ్లలోనే ఉంచి ఒకే మందులు సంవత్సరము ఇచ్చిరి. 1959లో ఫలితము ప్రకటించిరి: రెండును దాదాపు సమానము. మందు వేసికొనుచున్న రోగి ఇంట నుండుటవలన ఇంటివారికి రోగము ఎక్కువగా సోకలేదనియు తేలెను. మా నాయనమ్మ అప్పటికి లేదు. మదనపల్లెలో 1948లో బి.సి.జి. టీకాలు మొదలైనవి, మొల్లరుగారి కుమారుడు యోహానెస్ ఆ ప్రాంతపు పల్లెలలో దీర్ఘకాలము పరిశోధన సాగించెను. గాలి పెట్టు సూదులు, నీటిగొట్టములు మూల చేరినవి.

ఆ యుగము పోయినను, పిలువకయే వచ్చు గాలి పోలేదు. దీనినే ఇప్పుడు మనము ఎరిగియుండవలెను, ఏలనగా మోటారుసైకిళ్ళు పెరిగిన కొలది ప్రక్కటెముకలు విరుగుటయు పెరిగినది.

ఇందు రెండు తరగతులున్నవి. మొదటిది, కొంచెము గాలి చొరబడి ఊరకుండునది. డెన్మార్కులోనే క్యారగార్డ్ అను వైద్యుడు 1932లో, ఆరోగ్యముగానున్న యువకులకు ఇట్లు వచ్చుట సాధారణముగా క్షయవలన కాదని నిరూపించెను. అంతకుముందు ఇట్టివారందరికిని క్షయరోగులని ముద్ర పడుచుండెను. 2020లో ప్రకటితమైన ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల పరీక్షలో 316 మందిని చూచిరి. సూదియు గొట్టమును లేక వైద్యుల కనిపెట్టులో నుంచినవారిలో నూటికి దాదాపు 85 మందికి తిత్తి తనంతట విచ్చుకొనెను. కావున తిత్తి ముడుచుకొన్న ప్రతివానికిని గొట్టము వేయనక్కరలేదు. ఆ నిర్ణయము వైద్యునిదిగాని, నావంటి అయ్యవారిది కాదు.

రెండవది ఘోరమైనది. కమ్మరితిత్తికి లోపల తోలుమూత యుండును. గాలిని రానిచ్చును, వెనుకకు పోనీయదు. తిత్తి చిరిగినచోట చర్మపుతునక అట్టి మూతయై నిలిచినచో, ప్రతి ఊపిరికిని గాలి రొమ్ములో చేరుచుండునేగాని వెలువడదు. ఒత్తిడి పెరిగి, గుండెను రెండవప్రక్కకు నెట్టి, గుండెకు రక్తము తెచ్చు పెద్దసిరలను నొక్కివేయును. ఊపిరి వేగమగును, నాడి పరుగెత్తును, పెదవులు నల్లబడును, మెడనరములు ఉబ్బవచ్చును, గొంతునాళము ప్రక్కకు ఒరుగును. ఒరుగువరకు వేచియుండరాదు, అది కడపటి గుర్తు. ఇట్టి స్థితిలో ఎక్సురే కొరకు పంపిన రోగి ఎక్సురే బల్లమీదనే పోవచ్చును గనుక, తెలిసిన వైద్యుడు తట్టి విని సూది గ్రుచ్చును. పూర్వము కంటియెముక నడిమిభాగమునకు క్రింద రెండవ సందున గ్రుచ్చుచుండిరి. 2018 నుండి పెద్దవారికి చంక క్రిందుగా నాలుగవ లేక ఐదవ సందు మేలని బోధించుచున్నారు. ఇప్పుడు చేతిలో నిముడు అల్ట్రాసౌండు యంత్రముతో పొరలు జారుచున్నవో లేవో పడకయొద్దనే చూడగలుగుచున్నారు. సూది తరువాత గొట్టము వేసి, దాని కొనను నీటిసీసాలో ముంచుదురు. గాలి బుడగలై బయటికి పోవును, నీరు అడ్డముండుటచే తిరిగి రాలేదు. హాంబర్గు నగరమున బ్యూలౌ 1875లో రొమ్ములోని చీము తీయుటకు మొదలుపెట్టిన యుక్తి యిది.

యుక్తి తెలిసినవానికి పరికరము కొరత కాదనుటకు ఒక సంగతి. 1995 మే నెలలో హాంగ్‌కాంగు నుండి లండనునకు పోవు విమానమున ఒక స్త్రీకి ఊపిరాడలేదు. విమానాశ్రయమునకు వచ్చుచు మోటారుసైకిలు మీదనుండి పడినదట. పైకి పోవుకొలది ఒత్తిడి తగ్గును గనుక రొమ్మున చిక్కిన గాలి ఉబ్బును. ప్రయాణికులలోనున్న ఆంగస్ వాలెస్, టామ్ వాంగ్ అను వైద్యులు చొక్కా తగిలించు తీగెను సాగదీసి, బ్రాందీతో కడిగి, మూత్రము తీయు గొట్టమును దాని ఆధారమున రొమ్ములోనికి పంపి, రెండవ కొనను త్రాగునీటిసీసాలో ముంచిరి. ఆమె సుఖముగా లండనులో దిగెను. ఇది విని ఇంట ఎవరును తీగెలు సాగదీయరాదని మనవి! వారు వైద్యులు.

ఇంటివారు చేయదగినది కొంచెమే. ఉన్నట్టుండి ఒకప్రక్క రొమ్మునొప్పి, ఊపిరాడకుండుట కలిసి వచ్చినచో సోడా వెదకక 108ని పిలువవలెను. రోగి కూర్చుండుటకు కోరినచో కూర్చుండనీయవలెను, బలవంతముగా పరుండబెట్టరాదు. రొమ్మున గాయమై గాలి పీల్చుచున్నచో దానిని గుడ్డతో బిగించి మూయరాదు. లోపలి గాలికి దారి లేక రెండవ తరగతి ఆపద వచ్చును. గ్రుచ్చుకొన్న వస్తువును లాగరాదు. మానిన పిదప వైద్యుడనుమతించువరకు విమానమెక్కరాదు. బీడీ యెప్పటికిని వలదు.

ఇక మా పిల్లవాని మాట. హిందూపురమున వాని మంచము క్రింద నీటిసీసా పెట్టిరి. వాడు దగ్గినప్పుడెల్ల బుడగలు లేచుచుండెను. వాని తల్లి ఆ సీసాయొద్దనుండి కదలక, బుడగలు లెక్కపెట్టుచు కూర్చుండెను. మా పెదనాయనగారి డాక్టరువలె ఆమెయు పిల్లవాని మొగము చూడలేదు, నీళ్ళనే చూచెను. నాలుగవనాడు బుడగలు తగ్గినవి. ఐదవనాడు దగ్గినను లేవలేదు. ఎక్సురే తీసి, తిత్తి గోడకంటినదని గొట్టము తీసివేసిరి. ఆ సాయంకాలము నేను సిగ్గుతో తల వంచుకొని నిలిచియుండగా ఆమె సీసాను చూపి, "గ్యాసేనంటివే అయ్యవారూ, గ్యాసే గదా పోయింది" అనెను. ఎత్తిపొడుపో ఓదార్పో ఇప్పటికిని నేను నిర్ణయించుకొనలేదు.